గాలికి అడ్డంగా పరిచిన గుడ్డ

మునసబు సుబ్బారావు చెప్పింది ఒక్క ముక్కే. "గాలి చూసి పరవరా ఏడుకొండలూ. ఆ గుడ్డ వెంబడే విమానం దిగుద్దంట."

పందొమ్మిది వందల నలభై నాలుగు ఆషాఢం, యుద్ధం రోజులు. నకరికల్లు అవతలి బీడులో మిలిటరీ వాళ్ల చిన్న విమానం దిగాలి. ఏడుకొండలు ముప్ఫయ్యేళ్లుగా కళ్లాల్లో తూర్పారబట్టిన మనిషి. గాలి చూడడమంటే గాలికి అడ్డంగా నిలబడడమనే అతనికి తెలుసు. పడమటి గాలి కొడుతుంటే, ఉత్తరం నుంచి దక్షిణానికి గుడ్డ పొడుగ్గా పరిచి అంచులకు రాళ్లు పెట్టాడు. వచ్చి చూసినవాడు లేడు.

విమానం గుడ్డ వెంబడే వచ్చింది. చక్రాలు నేలను తాకాయో లేదో, విసురుగాలి ఒక రెక్క కింద దూరి ఎత్తేసింది. రెండో రెక్క నేలను గీరుకుంది. విమానం వెల్లకిలా పడింది.

"పేలుద్దిరోయ్!" అని అందరికన్నా ముందు పరుగెత్తినవాడు మునసబే.

ఏడుకొండలు కొడవలితో కిందికి పాకాడు. తలకిందులుగా వేలాడుతున్న పైలట్ పట్టీలు కోశాడు. ఆ మనిషి దభీమని పడగానే విమానం కుంగి ఏడుకొండలు మోకాలిని నొక్కేసింది. లాగితే రాలేదు. పెట్రోలు చుక్కచుక్కగా వీపు మీద పడుతోంది.

పైలట్ నెత్తురు ఉమ్మాడు. అతని పేరు ఆరోగ్యస్వామి, ఊరు బెల్లంకొండ. "పైనుంచి గాలి తెలవలా. గుడ్డని నమ్మా. గాలికి ఎదురు పరవాల్సింది, ఏ గొడ్డు పరిచిందయ్యా అడ్డంగా?"

మునసబు పేరు చెప్పొచ్చు. పారిపోయినవాడికి ఆ మాత్రం శాస్తి తక్కువే.

"నేనే దొరా."

ఆరోగ్యస్వామి అతన్ని చూశాడు. బయటికి పాకాడు. కాసేపు బూట్లు కనిపించాయి. తర్వాత అవీ కనిపించలేదు. గాలి వీచినప్పుడల్లా విమానం ఊగి మోకాలిని నూరుతోంది. ఏడుకొండలు పిలవలేదు. పిలిచే మొహం లేదు.

చానాసేపటికి బయట జనం అడుగుల చప్పుడు, ఆరోగ్యస్వామి గొంతు వినపడ్డాయి. "గడ్డపారలు ఇటు! చుట్ట ఆర్పవయ్యా మునసబూ, అందరం మాడిపోతాం!" తర్వాత ఆ గొంతు కిందికి వంగింది. "గుడ్డ అడ్డంగా పరిచింది నువ్వేనని రిపోర్టులో రాస్తా."

"రాయి దొరా. ముందు ఇది ఎత్తించు."

ఎత్తారు. కాలు వచ్చింది గానీ కింది సగం తనది కానట్టుంది. ఆరోగ్యస్వామి తన చొక్కా చించి కట్టు కట్టాడు. ఏడుకొండలు కేక పెట్టాడు. పైలట్ కట్టు ఇంకా బిగించాడు.