ఒడీల్ అక్క కట్టిన మాటు

లూసియానా తీరంలో మేం కౌలుకు తీసుకున్న చిత్తడి నేలకు ఏటా అందరికంటే ముందు వెళ్ళేది మా బావ క్లోవిస్. బాతుల వేట మొదలయ్యేలోపు నీళ్ళలో గుంజలు పాతి, చుట్టూ రెల్లు కట్టి, మేం దాక్కునేందుకు మాటు సిద్ధం చేసేవాడు. ఈ వసంతంలో ఆయన పోయాడు. కౌలు వదిలేద్దామని ఆఖరిసారి చూసి రావడానికి పడవ తీస్తుంటే, మా అక్క ఒడీల్ రబ్బరు బూట్లు వేసుకొచ్చి ముందు కూర్చుంది.

పోయిన తుపాను పాత మాటును ఊడ్చుకుపోయింది. గడ్డి ఉండే చోట ఉప్పునీరు నిలిచింది.

"ఏం మిగల్లేదక్కా, పోదాం పద," అన్నాను.

"నోరు మూసుకుని గెడ వెయ్యరా అల్సీడ్. మీ బావైతే ఈపాటికి సగం కట్టేసి, గంబో పులుసు గిన్నె ఖాళీ చేసేవాడు."

గెడతో పొడిచి పొడిచి గట్టి నేల తనే వెతికింది. తుపానుకు కొట్టుకొచ్చిన గుంజలు ఏరి అక్కడ పాతాం. ఒడ్డున కోసిన రెల్లు కడుతూ బావ పాడే పాట అందుకుంది.

"రెండో చరణం మర్చిపోయావే," అన్నాను.

"ఆయనకొస్తే కదరా నాకు రావడానికి!"

పొద్దు వాలేసరికి ఒక బాతుల గుంపు రెండు చుట్లు తిరిగి మా ముందే వాలింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. అవి మళ్ళీ లేచేదాకా ఇద్దరం కొత్త మాటులో కదలకుండా కూర్చున్నాం.