తడవని బియ్యం

"చింతపండుతో తోమినావా, ఉత్త బూడిదతో తోమినావా?" అని కేశవయ్య రాగిచెంబును కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"చింతపండుతోనే సామీ" అంది ఆయా హంపమ్మ.

"మరి ఈ మచ్చ యాడిది? మీ ఇంట్లో సంగటిచట్టి అనుకున్నావా దీన్ని?"

మచ్చ ఎక్కడా లేదు. చెంబు కొత్త పెండ్లికొడుకులా మెరుస్తోంది. అయినా కేశవయ్య పెదవి విరిచి, అరచేతిలో కాసిని నీళ్ళు తీసుకుని హంపమ్మ చేయి తగిలిన మైల పోవడానికి చెంబు చుట్టూ చల్లి, అప్పుడు గటగటా తాగాడు. ఆ నీళ్ళు బోరింగు కొట్టి పట్టిందీ హంపమ్మే, మోసుకొచ్చిందీ హంపమ్మే. పైన నాలుగు చుక్కలు చల్లితే లోపలి నీళ్ళకు ఏమవుతుందో కేశవయ్యే చెప్పాలి. చెంబు సగమైంది. మూతికి చేయి అడ్డంపెట్టి తుడుచుకుని, "ఉప్పునీళ్ళు. తాగేకొద్దీ దప్పికే" అన్నాడు, ఎమ్మిగనూరు భూమిలో ఉప్పు పోసింది కూడా హంపమ్మే అన్నట్టు.

కేశవయ్య ఆ ప్రైవేటు బడిలో సూపర్‌వైజరు. ఆ మాట ఆయన తప్ప ఇంకెవరూ అనరు. గేటు తీయించడం, గంట కొట్టించడం, సుద్దముక్కల పెట్టెకు తాళం వేయడం, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఎండలో నిలబెట్టడం ఆయన పనులు. బడి తాళాలగుత్తి మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు. నడిస్తే గలగలమంటుంది. ఆ చప్పుడు వింటే పిల్లలు సర్దుకుంటారు, ఆయాలు మొహం తిప్పుకుంటారు. లోకంలో ఆయనకు నచ్చిన మనిషి ఒక్కడే. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపించేవాడు.

ఒకప్పుడు బజారులో వాళ్ళ నాయన పెట్టిన చేనేత చీరల అంగడి ఉండేది. నాయన పోయాక గల్లా ముందు కేశవయ్య కూర్చున్నాడు. మగ్గం నేసేవాళ్ళు చీర తెచ్చి పరిస్తే, కాలి బొటనవేలితో అంచు ఎత్తి, "చీరా ఇది, గోనెపట్టా?" అనేవాడు. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళను చూసి, "కొనే మొగమేనా, ఉత్తగా మడతలు చెరపను వచ్చినారా?" అనేవాడు. నేసేవాళ్ళు పక్క అంగడికి పోయారు. కొనేవాళ్ళు వాళ్ళ వెనకే పోయారు. అంగడి మూతబడినప్పుడు కేశవయ్య ఊరంతటినీ తిట్టాడు, తనను తప్ప. దూరపు చుట్టం ఒకాయన బడి పెట్టి, జాలిపడి పిలిచి ఈ తాళాలగుత్తి చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఆ చుట్టం కొడుకు రాఘవేంద్రప్రసాద్ కరెస్పాండెంటు.

ఈమధ్య కేశవయ్యకు అన్నీ కోపం తెప్పించేవే. చొక్కాలు వదులైపోతున్నాయి. ఇస్త్రీ బండివాడు సాగదీసి నాశనం చేశాడని వాడితో వీధిలో తగువు పెట్టుకున్నాడు. పేపరులో అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. సిరా మంచిది వాడటం లేదని పేపరు వేసే పిల్లవాణ్ణి కడిగేశాడు. మగవాళ్ళ మరుగుదొడ్డిలో ఆయన వెళ్ళొచ్చిన చోటల్లా చీమలు బారులు కడుతున్నాయి. "పిల్లనాయాళ్ళు చాక్లెట్లు తిని పారేస్తాండారు, నువ్వు ఊడవకుండా నిద్రపోతాండావు" అని ఊడ్చే ఈరక్క మీద రోజూ అరుస్తాడు. ఆమె రోజూ ఫినాయిలు పోస్తుంది. మరుసటి రోజుకు చీమలు మళ్ళీ వస్తాయి. ఆసుపత్రికి పోదామని భార్య రాజ్యలక్ష్మమ్మ ఒకసారి నోరు తెరిచింది. "సూది గుచ్చి దుడ్లు గుంజేవాళ్ళ దగ్గరికా?" అని ఆ నోరు మూయించాడు.

ఆ శనివారం పొద్దున చెంబు కిటికీలో పెట్టి గంట కొట్టించేసరికి, కరెస్పాండెంటు గదిలోంచి పిలుపు వచ్చింది.

రాఘవేంద్రప్రసాద్ చేతిలో ఒక సెల్‌ఫోను, బల్ల మీద ఇంకొకటి ఉన్నాయి. మొహం మాత్రం వాడిపోయి ఉంది. "మామా, ఆ పత్తి జిన్నింగు మిల్లాయన పొద్దున్నుంచి మూడు తూర్లు ఫోను చేసినాడు. వాళ్ళ నాగచైతన్య ఫోను నిన్న సాయంత్రం ఈడనే పోయిందంట. ఆటలకు పోయి వచ్చేతలికి బ్యాగులో లేదంట. కెమెరా ఉండే ఫోనంట. సోమవారానికి దొరకల్ల అంటాడు."

బడికి ఫోను తేకూడదని గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. పదో తరగతి నాగచైతన్య రోజూ తెచ్చేవాడు, పాటలు వినిపించేవాడు, అమ్మాయిల ఫోటోలు తీసేవాడు. కరెస్పాండెంటుకు తెలుసు. కానీ బడికి బస్సు కొనిచ్చింది మిల్లాయన. బస్సు కొనిచ్చినవాడి కొడుకు గోడ మీది అక్షరాలు చదవనవసరం లేదు.

"మొగానికి మీసం రాలేదు, చెవికి ఫోనొకటి" అని మూలిగాడు కేశవయ్య. కానీ ఆయన చూపు అప్పటికే కిటికీలోంచి బయట ఊడుస్తున్న ఈరక్క మీదికి పోయింది. "వాళ్ళే అప్పా. ఇంకెవరు? హంపి, ఈరి, ఆ గంట కొట్టే తిమ్మడు. ముగ్గురిలో ఎవరో ఒకరు."

"పోలీసులకు చెప్తే బడి పేరు పోతాది మామా."

"పోలీసులెందుకు? నేనుండా కదా" అని కేశవయ్య నడుముకు దోపుకున్న పసుపుగుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టాడు. లోపల బియ్యం. ఫోను పోయిందని నిన్న సాయంత్రమే ఆయన చెవిన పడింది. ఇంటికి పోయి స్నానం చేసి, బియ్యానికి పసుపు కలిపి, కన్యకాపరమేశ్వరి పటం ముందు పెట్టి, కర్పూరం వెలిగించాడు. వాళ్ళ తాత అంగట్లో ఏదైనా పోతే గుమాస్తాలందరికీ ఇలా అమ్మవారి బియ్యం నమిలించేవాడు. తప్పు చేయనివాడి నోట్లో బియ్యం పాలలా కరుగుతుంది. తీసినవాడి నోట్లో తడవదు. ఉమ్మితే పొడిపిండిలా రాలుతుంది. "ఒక్కసారి గూడా తప్పలేదు. బియ్యం అబద్ధం చెప్పదు" అన్నాడు కేశవయ్య.

గేటు మీద 'కంప్యూటర్ విద్య' అని పెద్ద బోర్డు ఉన్న బడి అది. కంప్యూటరు కరెస్పాండెంటు గదిలోనే ప్లాస్టిక్ ముసుగు కప్పుకుని ఉంది. ఎమ్మెస్సీ చదివిన రాఘవేంద్రప్రసాద్ దాని వైపూ, బియ్యం వైపూ చూసి, "కానీ మామా, తొందరగా కానీ" అన్నాడు. టీచర్లకు బియ్యం పెడదామా అన్న మాట ఎవరికీ తోచలేదు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు. పిల్లలకు పెడదామా అన్నది అసలే తోచలేదు. వాళ్ళు ఫీజులు కట్టేవాళ్ళు.

ముగ్గురినీ పిలిపించి, తలుపు వేసి, నేల మీద విస్తరాకులు పరిచారు. కేశవయ్య కర్పూరం వెలిగించి చాలాసేపు మాట్లాడాడు. అమ్మవారి మహిమ చెప్పాడు, వాళ్ళ తాత కాలంలో దొరికిపోయిన గుమాస్తా రక్తం కక్కుకున్న కథ చెప్పాడు. శనివారం ఒక్కపొద్దు కాబట్టి కడుపులో ఏమీ లేదు. మధ్యలో గొంతు పట్టేసి రెండుసార్లు దగ్గాడు. అయినా ఆపలేదు. వినక తప్పని మనుషులు ముందు నిలబడి ఉంటే ఆయనకు అంతకంటే పండుగ లేదు.

హంపమ్మ ముందు నమిలింది. పొద్దస్తమానం ఆకూవక్కా దవడన పెట్టుకునే మనిషి. ఆమె ఉమ్మింది చూసి రాఘవేంద్రప్రసాద్ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఈరక్క అమ్మవారికి దండం పెట్టి నమిలింది. తెల్లగా, తడిగా పడింది. తిమ్మయ్య భయస్తుడు. దవడలు కదులుతున్నాయి గానీ గుటక పడటం లేదు. కేశవయ్య మెడ ముందుకు చాచి, కండ్లు పెద్దవి చేసుకుని చూశాడు. చివరికి తిమ్మయ్య కండ్లలో నీళ్ళు తిరిగాయి, నోట్లోనూ తిరిగాయి. ముద్ద తడిగానే పడింది.

కేశవయ్య మొహం చిన్నబోయింది. దొంగ దొరకనందుకు ఒక మనిషి అంత దిగులుపడటం ఎక్కడా ఉండదు.

"సామీ" అంది ఈరక్క మెల్లిగా, "తాళాలు నీ దగ్గరనే ఉండాయి కదా. నువ్వు గూడా నమలు. మేం ముగ్గురమేనా మనుషులం?"

కేశవయ్య ఆమెను కాలికింద పురుగును చూసినట్టు చూశాడు. వాళ్ళ తాత ఎన్నడూ నమల్లేదు. పెట్టే చేయి వేరు, తినే నోరు వేరు అని తాతకు తెలుసు. కేశవయ్యకు ఆ తెలివి లేకపోయింది. ఊడ్చే మనిషి తనను సవాలు చేయడమా అన్న ఒళ్ళుమంటే ఉంది. వాళ్ళు చిటికెడు తీసుకుంటే ఆయన గుప్పెడు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. నమిలాడు. దవడలు నొప్పెట్టాయి. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. వంగి ఉమ్మబోతే రాలేదు. వేలు పెట్టి లాగితే, పసుపుపచ్చని పొడి విస్తరాకు మీద రాలింది, పిండిగిర్నీలోంచి రాలినట్టు.

ముగ్గురూ దాన్ని చూశారు. నవ్వు ఎవరికీ రాలేదు. నవ్వినా బాగుండేది.

రాఘవేంద్రప్రసాద్ గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు. "మామా, ఆ తాళాలు ఈడ పెట్టిపో. సోమవారం మాట్లాడదాం."

"నేను తీయలేదప్పా."

"నేనేమన్నా అన్నానా? నీ బియ్యమే కదా."

మొలతాడు ముడి విప్పడానికి కేశవయ్యకు చాలాసేపు పట్టింది. హంపమ్మ సాయం చేయబోయి, ఆయన మైల పట్టింపు గుర్తొచ్చి, చేయి వెనక్కి తీసుకుంది. తాళాలు బల్ల మీద పెట్టి కేశవయ్య బయటికి నడిచాడు. నడకలో గలగల లేదు. వరండాలో వస్తున్న పిల్లలు ఆయన ఎదురుపడేదాకా చూసుకోలేదు.

వీధి మలుపులో నన్నారి షర్బత్ బండి ఉంది. రోజూ ఆ బండివాడితో నిమ్మకాయ చిన్నదనో, ఐసు పెద్దదనో రచ్చ చేయందే గ్లాసు ముట్టడు. ఆరోజు మారుమాట లేకుండా ఒకటి తర్వాత ఒకటి మూడు గ్లాసులు తాగాడు. "ఏం శెట్టీ, ఈరోజు తిట్టలేదు?" అన్నాడు బండివాడు. కేశవయ్య ఖాళీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. తీపి నాలుక మీద ఉంది, దప్పిక గొంతులోనే ఉంది.

ఇంటికి పోగానే చొక్కా విప్పి భార్య చేతికిచ్చాడు. "జేబులు చూడు" అన్నాడు.

"ఏముండాది వీట్లో?"

"చూడు. సంచి గూడా దులుపు."

రాజ్యలక్ష్మమ్మ సంచి దులిపింది. కండ్లద్దాల డబ్బా, సుద్దముక్క, మడిచిన తువాలు పడ్డాయి. కేశవయ్య మోకాళ్ళ మీద కూర్చుని తువాలు మడతలు విప్పి చూశాడు. గూట్లో చూశాడు. పరుపు ఎత్తించి చూశాడు. జరిగింది విని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరెందుకు తీస్తారు? ఆ ఫోను పట్టుకోను గూడా తెల్దు మీకు."

"బియ్యం తడవలేదు రాజ్యం."

"ఒంట్లో బాగలేదు మీకు. నోరెండిపోతాంది. నెలల నుంచి చూస్తాండా."

"తడవలేదు" అన్నాడు మళ్ళీ. "తీసినానేమో. నాకు తెల్వకుండానే తీసినానేమో."

నీళ్ళలో ఉప్పు ఉందని నమ్మాడు. ఇస్త్రీవాడు చొక్కా సాగదీశాడని నమ్మాడు. ఈసారి కూడా ఎవరి మీద వేద్దామా అని ఇల్లంతా వెతికాడు. ఈరక్క మీద వేద్దామంటే ఆమె బియ్యం పాలలా పడింది. బియ్యం మీద వేద్దామంటే అది అమ్మవారిది, తాతది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తప్పు వేయడానికి కేశవయ్యకు మనిషి దొరకలేదు, ఆయన తప్ప. అంతకాలం అందరినీ తూచిన మనిషి ఆ ఒక్క తూకం కింద అప్పడంలా విరిగిపోయాడు. చూస్తే జాలి వేయాలి. వేస్తుంది కూడా, కానీ సగమే. ఎందుకంటే ఆ పొడి తిమ్మయ్య నోట్లోంచి రాలి ఉంటే, ఈపాటికి ఆయన నన్నారి షర్బత్ తాగుతూ బండివాడికి ఆ కథే చెప్తూ ఉండేవాడు.

"పడుకుంటా" అన్నాడు. "సోమవారం ఆసుపత్రికి పోదాంలే. నువ్వు అంటాంటివి కదా."

పెండ్లయినప్పటి నుంచి భర్త తన మాట ఒప్పుకోవడం రాజ్యలక్ష్మమ్మకు అదే మొదటిసారి. ఆమెకు భయం వేసింది. అన్నం వద్దన్నాడు. బిందె పక్కన పెట్టించుకుని, గ్లాసు గ్లాసూ తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బడి ఒంటిపూట గంట కొట్టకముందే మిల్లాయన ఫోను చేశాడు. కారు కడుగుతుంటే వెనక సీటు కింద అబ్బాయి ఫోను దొరికిందట. నిన్న సాయంత్రం కారెక్కి పాటలు విన్న సంగతి అబ్బాయికి గుర్తు లేదట. "దొరికిందా సార్, శానా సంతోషం" అని రాఘవేంద్రప్రసాద్ ఎదుట లేని మనిషికి వంగి వంగి చెప్పాడు. మిల్లాయన క్షమించమనలేదు. ఈయన ఎదురుచూడనూ లేదు.

తలుపు దగ్గర నిలబడిన హంపమ్మ అంది. "కేశవయ్య సామికి చెప్పి రానా అప్పా? బిరీన పోయొస్తా."

"సోమవారం చెబుదాంలే. ఈ ఎండలో ఎవరు పోతారు?"

కేశవయ్య ఇల్లు రెండు వీధుల అవతల. కరెస్పాండెంటు మోటారుసైకిలు గేటు దగ్గర నీడలోనే ఉంది. తిమ్మయ్య సైకిలు గోడకు ఆనించి ఉంది. హంపమ్మ ఇంకోసారి అడగలేదు. అడగకపోవడం ఆమెకు ఆ బడే నేర్పింది.

దీపాలు పెట్టేవేళ రాజ్యలక్ష్మమ్మ కాఫీ కలిపి తెచ్చి పిలిచింది. పలకలేదు. గురక పెడుతున్నాడనుకున్న చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియదు. భుజం పట్టి తిప్పితే చేయి చల్లగా తగిలింది. ఫోను దొరికిందని తెలియకుండానే, తాను దొంగనని నమ్ముకునే కేశవయ్య పోయాడు.

సోమవారం ప్రార్థనలో పిల్లల్ని కాసేపు మౌనంగా నిలబెట్టారు. కేశవయ్య మామ ఈ బడికి మూలస్తంభం అని రాఘవేంద్రప్రసాద్ చెప్పాడు. గొంతు జీర కూడా తెచ్చుకున్నాడు. మౌనం మధ్యలో పదో తరగతి వరసలో ఎవరి జేబులోనో సినిమా పాట మోగింది. ఎవరిదో అందరికీ తెలుసు. కరెస్పాండెంటు ఆకాశం వైపు చూశాడు. పరీక్షలు దగ్గరున్నాయని సెలవు ఇవ్వలేదు. తాళాలగుత్తి తిమ్మయ్యకు ఇచ్చారు. అతను దాన్ని చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నాడు.

హంపమ్మ మాత్రం ఆ పొద్దున బోరింగు దగ్గర కూర్చుని, అలవాటు కొద్దీ చింతపండు పిసికి రాగిచెంబు తోమింది. ఎత్తి చూసుకుంది. ఎవరో మచ్చ ఉందన్నట్టు ఇంకోసారి తోమింది. నీళ్ళు నింపి, పైన గ్లాసు బోర్లించి, తీసుకుపోయి కిటికీలో పెట్టింది.

సాయంత్రం తిమ్మయ్య గదికి తాళం వేసేటప్పటికీ ఆ చెంబు కిటికీలో అంచుదాకా నిండుగానే ఉంది.