విమానానికి నిమ్మకాయ

మొయినాబాదు దగ్గర మా హైస్కూల్లో శనివారం చివరి పీరియడ్‌లో విమానాల గురించి చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. సైన్సు టీచర్ని కదా, చెప్తే తప్పేమిటనుకున్నాను. శంషాబాదులో కొత్త విమానాశ్రయం కడుతున్న రోజులవి. మరోపక్క ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం. స్కూలు కమిటీ చైర్మన్ జంగయ్య, పొలాల్ని ప్లాట్లుగా అమ్మించి కొత్త కారు బుక్ చేసుకున్న మనిషి, నా వెంటపడ్డాడు.

"మేడమ్, ఆ పీరియడ్ కంప్యూటరుకు ఇయ్యుండ్రి. పిల్లలకు నౌకర్లొస్తయ్. విమానం నేర్సుకొని ఏం జేస్తరు, పొలంల దింపుతరా?"

మా స్కూల్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు, అదీ బీరువాలో. అయినా వాదించి వాదించి ఒక ఒప్పందానికి వచ్చాం. పిల్లలు చేసిన విమానం గ్రౌండు దాటితే క్లాసు ఉంటుంది, లేకపోతే లేదు.

తొమ్మిదో తరగతి కవిత ఆ మాట విని అన్నం కూడా సరిగా తినలేదట. ఆ పిల్లకి పైలట్ కావాలని ఆశ. థర్మాకోలుతో రెక్కలు కోసి, తోక అతికించి, ఎన్నిసార్లు విసిరినా తిన్నగా పోయేట్టు చేసింది.

పరీక్ష రోజు తల్లిదండ్రులంతా వచ్చారు. కవిత నానమ్మ సుక్కమ్మ పూజ పళ్లెంతో వచ్చింది. ట్రాక్టరైనా, ఆటో అయినా ఆమె చేత్తో నిమ్మకాయ కట్టనిదే ఊళ్లో కొత్త బండి కదలదు.

"పూజ జెయ్యకుండనే తీస్తరా? మీకు సదువొచ్చింది గని బుద్ధి రాలె" అని నన్నే తిట్టి, విమానానికి పసుపు కుంకుమ పెట్టి, తోకకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. దిష్టి వెనకనుంచే తగులుతుందట. నాకు ఒళ్లు మండింది. కానీ సుక్కమ్మ ముందు నోరెత్తే ధైర్యం ఎవరికుంది?

కవిత విసిరింది. విమానం ముక్కు పైకెత్తి, కాస్త ఆలోచించి, వెనక్కి జారి జంగయ్య కాళ్ల దగ్గర కూలింది. జనం పకపకా నవ్వారు. కవిత కళ్లలో నీళ్లు తిరిగాయి.

కట్టిన నిమ్మకాయ విప్పితే అపచారం. విప్పకపోతే క్లాసు పోతుంది. ఆ పిల్ల విమానాన్ని వేలి మీద నిలబెట్టి చూసింది.

"అవ్వా, ముందటికి గూడ ఒకటి కట్టు."

సుక్కమ్మ మురిసిపోయి ముక్కుకు ఇంకో నిమ్మకాయ కట్టింది. ఈసారి విమానం గ్రౌండంతా దాటి, గోడ మీదుగా పోయి, పక్క క్యాబేజీ తోటలో దిగింది. నేను నా వయసు మరిచి గంతులేశాను.

జంగయ్య చేతులు జోడించాడు. "సూసిండ్రా, సుక్కమ్మ చెయ్యి మహిమ! ఇందుల సదువేమున్నది మేడమ్? నిమ్మకాయ కడితె చాలు. పీరియడ్ కంప్యూటరుకే ఇద్దాం."

అందరూ తలలూపారు. బరువు, సమతూకం అని నేను గొంతు చించుకున్నా ఎవరూ వినలేదు. సుక్కమ్మ మాత్రం మనవరాలి మొహం చూసింది.

"నిజం జెప్పు బిడ్డా. మొదాలు ఎందుకు పడ్డది?"

కవిత తల వంచుకుంది. "తోక బరువైందవ్వా. ముందట గూడ బరువు పెడితె సరైంది. రాయి గట్టినా ఎగురుతుండె."

సుక్కమ్మ తన చెయ్యి వంక చూసుకుంది. ఊరంతా నమ్మిన చెయ్యి అది. ముసలామెను చూసి నాకు జాలేసింది. చివరికి ఆమె జంగయ్య వైపు తిరిగింది.

"ఇనవడ్డదా జంగయ్యా? నా నిమ్మకాయ కూలగొట్టింది. నా మనుమరాలి సదువు లేపింది. ఆ క్లాసు గిన తీసేస్తె, నీ కొత్త కారుకు నిమ్మకాయ నువ్వే కట్టుకో."

క్లాసు ఉండాలనేవాళ్లని నేను చేతులెత్తమంటే, అందరికంటే ముందు జంగయ్య చెయ్యే లేచింది.