బెల్లు లేని సైకిలు

వీధి మలుపులో గంటయ్య సైకిలు దిగి నడిపించుకుంటూ పోసాగాడు. ఎక్కి వెళితే పని త్వరగా తెములుతుంది. కానీ త్వరగా వచ్చే టెలిగ్రాం మనిషిని చూస్తే జనం మరీ బెదిరిపోతున్నారు. యుద్ధం మొదలైన నాలుగేళ్లలో అతని మోకాళ్లు అరిగాయి, ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర పలచబడింది. మీసం ఒక్కటే నిగనిగలాడుతోంది. సైకిలు గొలుసుకు లేని నూనె దానికి దొరుకుతుంది.

టెలిగ్రాంలో ఏముందో నోటితో చెప్పకూడదని ఆఫీసు రూలు. అందుకని ముప్పై ఏళ్లుగా అతను బెల్లుతో చెప్పేవాడు. కౌంటరు గుమాస్తమ్మ మంచి కబుర్లు అతని ఎడమ చేతికి, చెడ్డవి కుడి చేతికి అందించేది. మంచిదైతే వీధి మొదట్నుంచే ట్రింగు ట్రింగు. చావు కబురైతే చప్పుడుండదు. రూలు రూలుగానే ఉంది, జనం ప్రాణాలూ కుదుటగానే ఉన్నాయి.

పోయిన వారం ఫిరంగులకు ఇత్తడి చాల్లేదని ఇళ్లలో బిందెలతో పాటు ఆఫీసు సైకిళ్ల బెల్లులూ ఊడబీక్కుపోయారు. అరచేతిలో ఇమిడే బెల్లుతో ఏ ఫిరంగి పూర్తయిందో పైవాళ్లకే తెలియాలి. అప్పట్నుంచి వీధి లెక్కలో అతను తెచ్చేవన్నీ చావులే. నిన్న ఒకింటి ముందు "మంచిదేనమ్మా" అని అరిచినందుకు పోస్టుమాస్టరు పిలిచి, ఇంకోసారి నోరు జారితే ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఇంట్లో మంచాన పడ్డ భార్య ఉంది.

కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పాలావిడ గోడకు అతుక్కుపోయింది.

"మా ఇంటికి కాదుగా, బాబాయ్?"

"కాదు."

"మరి ఎవరింటికి?"

"నడవ్వే తల్లీ."

ఆమె ఊపిరి పీల్చుకుని, పీల్చుకున్నందుకు సిగ్గుపడి తల దించుకుంది.

చివరి ఇంటి గుమ్మంలో కాజాలత్త కూర్చుని ఉంది. సైన్యపు కోట్లకు కాజాలు కుట్టే ముసలావిడ. పెంచిన మనవడొక్కడే, యుద్ధంలో ఉన్నాడు. ఆర్నెల్లుగా ఉత్తరం లేదు. అతని టెలిగ్రామే గంటయ్య దగ్గరుంది. గుమాస్తమ్మ ఎడమ చేతికే ఇచ్చింది, ఇస్తూ నవ్వింది కూడా.

గుమ్మం ముందు సైకిలు ఆగింది. అత్త తలెత్తి హ్యాండిలు వంక చూసింది. గంటయ్య నోరు తెరిచాడు. పోస్టుమాస్టరు కళ్లద్దాలు గుర్తొచ్చి ఒక్క గుక్క ఆగాడు.

ఆమె తలుపు పట్టుకుని లేచింది.

"ఇల్లు తప్పొచ్చావురా, గంటయ్యా," అంది మెల్లగా. "వెళ్లిపో నాయనా."

"మంచిదే అత్తా, మంచిదే" అని అతను అనేసరికి ఆమె తలుపుకు ఆనుకునే కిందికి జారిపోయింది.

గంటయ్య కవరు చించి, ఆమె చెవి దగ్గర కూర్చుని, వీధంతా వినేలా చదివాడు. "సెలవు దొరికింది. ఆదివారం వస్తున్నా." రెండుసార్లు చదివాడు. పక్క వీధి డాక్టరు వచ్చి, నాడి చూసి, ప్రాణం లేదని ఆమె చెయ్యి వదిలేశాడు.

ఆమెను లోపలికి చేర్చాక గుమ్మంలో ఎవరి కొలతకో కుట్టిన కోటు మిగిలింది, కింది కాజాలో సూది దిగే ఉంది.