ఆపరేటర్ : సుధాకర్

మూరెడు ఇనపచువ్వతో కాటా ప్లేటుకీ సిమెంటు గట్టుకీ మధ్య సందులో ఇరుక్కున్న కంకర్రాళ్ళని ఒక్కొక్కటే కెలికి తీస్తున్నాడు వెంకన్న. ఒక మోకాలు నేలకానించాడు, రెండోది గెడ్డానికి తగులుతోంది. శెనగగింజంత రాయి చిక్కుకున్నా చాలు, లోడు మీద పాతిక ముప్ఫై కిలోలు అటూ ఇటూ అయిపోతాయి. నిన్నటి ట్రాక్టర్ల నుంచి రాలిన ఊక ప్లేటు నిండా పరుచుకుని ఉంది. అదంతా చీపురుతో ఊడ్చి, గదిలోకొచ్చి, కిటికీ పక్కన ఎర్రంకెల పెట్టె వంక చూశాడు. సున్నా చూపిస్తోంది. సున్నా కనపడేదాకా అతను టీ తాగడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి.

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డులో, కాలవ వంతెన దాటగానే ఎడంపక్కన ఉంటుంది శ్రీనివాసరాజుగారి కాటా. ధాన్యం లారీలు, కొబ్బరికాయల లారీలు, రొయ్యల మేత వ్యాన్లు వచ్చి ప్లేటు ఎక్కుతాయి, తూకం వేయించుకుని చీటీ పట్టుకుపోతాయి. పొద్దున్న ఆరు నుంచి రెండింటిదాకా వెంకన్న, ఆ తర్వాత సుధాకర్. వెంకన్నకి అరవై రెండు నిండాయి, కళ్ళలో శుక్లాలు ముదిరాయి. నెలాఖరుకి మానేద్దువుగాని అని రాజుగారు ముందే చెప్పారు. ఆ నెలాఖరు ఇవాళే.

కుర్చీలో కూర్చుని కంప్యూటర్ మీట నొక్కాడు. తెర వెలిగింది. గుండ్రటి చక్రంలో సుధాకర్ ఫోటో వచ్చింది, అంతర్వేది సముద్రం ఒడ్డున కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని పళ్ళికిలిస్తున్న ఫోటో. దాని కింద స్వాగతం, సుధాకర్ అని ఇంగ్లీషులో. వెంకన్న నాలుగంకెలు కొట్టాడు. ఆ నాలుగంకెలు సుధాకర్ కూతురి పుట్టినరోజు. పిల్లల్లేని వెంకన్న పది నెలలుగా రోజూ పొద్దున్నే ఇంకొకడి కూతురి పుట్టినరోజు చెప్పుకుంటే తప్ప తన పనిలోకి రాలేకపోతున్నాడు.

వెంకన్నకి కుళ్ళు. ఆ మాట దాచి లాభం లేదు. సుధాకర్ అంటే కుళ్ళు, వాడి ఫోటో అంటే కుళ్ళు, వాడి చేతికున్న బంగారు రంగు గొలుసు వాచీ అంటే మరీ కుళ్ళు. పోనీ వాడు చెడ్డవాడా అంటే అదీ కాదు. బాబాయ్ బాబాయ్ అంటూ తిరుగుతాడు, వెంకన్నకి జ్వరమొస్తే అతని డ్యూటీ కూడా చేస్తాడు. తిట్టుకోవడానికి ఒక్క తప్పైనా చెయ్యడు, అదింకా మండిపోయే సంగతి.

అసలు మొదట్లో ఇలా లేదు. కంప్యూటర్లు రాకముందు చీటీలు చేత్తో రాసేవాడు వెంకన్న. మూడు కాపీలు, మధ్యలో కార్బన్లు. కింది కాపీదాకా దిగాలని పెన్ను అదిమిపెట్టి సంతకం చేసేవాడు. వెంకన్న సంతకం ఉందంటే మిల్లులో మళ్ళీ తూచకుండా లోడు దింపుకునేవారు. చీటీ మీద కొట్టివేతలుంటే తనే చింపేసి కొత్తది రాసిచ్చేవాడు. ఒకసారి ఎవడో డ్రైవరు దారిలో అంకె దిద్ది మిల్లువాళ్ళకి దొరికిపోతే, వెంకన్నే రాజుగారిని వేధించి ప్రతి చీటీ కాగితం అడుగునా ఒక ముక్క అచ్చు వేయించాడు. దిద్దుబాట్లున్న చీటీ చెల్లదు. ఆ కాగితాలే ఇప్పటికీ వస్తున్నాయి.

తర్వాత కంప్యూటర్ వచ్చింది, అదీ నేర్చుకున్నాడు. అది మీట నొక్కితే తెరుచుకునేది, నువ్వెవరని ఎప్పుడూ అడగలేదు. చీటీ మీద ఆపరేటర్ దగ్గర వెంకన్న అని తనే కొట్టుకునేవాడు. మాఘమాసంలో అది కాలిపోయింది. కొత్తది తెచ్చి బిగించడానికి భీమవరం నుంచి టెక్నీషియన్ వచ్చాడు. ఎండన పడి వచ్చాడు పాపం అని, వంతెన దగ్గర్నుంచి టీ తేవడానికి సైకిలెక్కాడు వెంకన్న. అతనికి ఈ కంప్యూటర్ కథ మొత్తం ఆ టీతోనే చెడింది. తిరిగొచ్చేసరికి పనైపోయింది. కొత్త కంప్యూటర్ నెట్టు లేనిదే కదలదట, అకౌంట్ లేనిదే తెరుచుకోదట. ఈమెయిల్ ఎవరిదుంది అని టెక్నీషియన్ అడిగాడట, సుధాకర్ తనది చెప్పాడట. తూకం ప్రోగ్రాం కూడా ఎవరి అకౌంట్లో తెరిస్తే వాళ్ళ పేరే తీసుకుంటుందట, మనం మార్చడానికి లేదట. టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు వెంకన్న.

గది రాజుగారిది, కరెంటు రాజుగారిది, కంప్యూటర్ డబ్బులిచ్చి కొన్నది. లోపలికెళ్ళడానికి ఎక్కడో ఉన్న ఎవడికో పేరూ ఊరూ చెప్పుకోవడమేంటి? ఈ ప్రశ్నకి పది నెలల్లో ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పట్నుంచి పొద్దుటి లోళ్ళు, సాయంత్రపు లోళ్ళు, అన్నింటి మీదా ఒకటే ముక్క. ఆపరేటర్ : సుధాకర్. దసరాకి కాటాకి పూజ చేసినప్పుడు, ఏడాదిలో ఒక్క తూకం తేడా రాలేదని మిల్లువాళ్ళు మెచ్చుకున్నారంటూ రాజుగారు సుధాకర్ చేతికి ఆ వాచీ తొడిగారు. సగం బాబాయ్‌వేనండి అని సుధాకర్ అన్నాడు. రాజుగారు నవ్వి, పెద్దవాళ్ళంటే నీకు గౌరవంరా అన్నారు. వెంకన్న కొబ్బరిచెక్క చేత్తో పట్టుకుని చప్పట్లు కొట్టాడు.

అందుకని ఇవాళ ఒకటి తేల్చుకోవాలని వచ్చాడు. ఇంటికెళ్ళిపోయే ముందు తన పేరుతో ఒక్క చీటీ తీయాలి. ఒక్కటి చాలు. ఆ పేరు పడకపోతే అన్నం అరగదా అని భార్య అచ్చాయమ్మ పొద్దున్నే అడిగింది. అరగదు అని చెప్పి వచ్చాడు.

ఏడింటికి లోళ్ళు కాస్త ఆగాయి. ఇంకొకరిని చేర్చు అన్నచోట నొక్కాడు. కంప్యూటర్ పేరడిగింది. కళ్ళద్దాలు ముక్కు మీదకి జరుపుకుని, ఒక్కో అక్షరం వెతికి వెంకన్న అని ఇంగ్లీషులో కొట్టాడు. ఆ పేరు వేరేవారు తీసేసుకున్నారంది. ఎవడు వాడు? ఎక్కడివాడు? వాడికేం కాటా ఉందని? ఆ ముక్కూ మొహం తెలియని వెంకన్న మీద కూడా అతనికి కుళ్ళు పుట్టింది. కావాలంటే వెంకన్న నాలుగువేల నాలుగువందల డెబ్భై ఒకటి అని పెట్టుకోమంది. లారీ నంబరులా ఉందనుకుని, వేరే గతిలేక సరేనన్నాడు.

పాస్‌వర్డ్‌కి అచ్చాయమ్మ పేరు పెడితే బలంగా లేదంది. ఆ మాట ఆవిడ వింటే బాగుండేది. పెద్దక్షరం కావాలంది, అంకె కావాలంది, చుక్కో గీతో కావాలంది. ఈలోగా ధాన్యం లారీ హారన్ కొట్టింది. సుధాకర్ అకౌంట్లోకి వెళ్ళి, తూచి, చీటీ ఇచ్చి వచ్చేసరికి రాసిందంతా పోయింది. మళ్ళీ మొదటికి. ఈసారి నువ్వు మనిషివేనని రుజువు చెయ్యమని ఏనుగు బొమ్మ చూపించింది. పక్క బొమ్మలో చెయ్యి ఎటు చూపిస్తే ఏనుగుని అటు తిప్పాలట. తిప్పాడు. కాదంది. గుర్రాన్నిచ్చింది. శుక్లాల కళ్ళకి దాని తలేదో తోకేదో తెలియలేదు. ఆరోసారికి మనిషేనని ఒప్పుకుంది.

తర్వాత ఫోన్‌కి నంబరు పంపిస్తానంది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది అచ్చాయమ్మ దగ్గరుంటుంది. సరిగ్గా అప్పుడే కొబ్బరికాయల లారీతో త్రిమూర్తులు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఈ కాటా మీదే తూకం వేయించుకునే డ్రైవరు. అతని ఫోన్ అడిగి ఇంటికి చేశాడు వెంకన్న. మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తి, బట్టలుతుకుతున్నానని విసుక్కుంటూ ఆరంకెలు చదివింది అచ్చాయమ్మ. అవి కొట్టేసరికి టైమైపోయిందంది కంప్యూటర్. ఇంకో నంబరు తెప్పించాడు. ఈసారి ఆవిడ ఫోన్ పక్కనే నిలబడి ఒక్కో అంకె అరిచి చెప్పింది.

తెర నల్లబడింది. నీలంగా మారింది. స్వాగతం, వెంకన్న అంది.

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. త్రిమూర్తుల్ని లోపలికి పిలిచి చూపించాడు. ఆ అక్షరాలు తెల్లగా, అరచెయ్యంత ఉన్నాయి. పేరు పడింది కదండీ, ఇంక నా లోడు తూచండి మరి, ఎండెక్కుతోంది అన్నాడు త్రిమూర్తులు. తూచేదేదీ? కొండలూ సరస్సూ ఉన్న బొమ్మ ఒకటి, మూలన చెత్తబుట్ట, అంతే. తూకం ప్రోగ్రాం లేదు. అన్ని మూలలా వెతికాడు. ఎర్రంకెల పెట్టె పక్కనే పన్నెండు టన్నులని వెలుగుతోంది, దాన్ని చీటీ మీదకి దింపే దారి మాత్రం సుధాకర్ అకౌంట్లోనే ఉంది. వెనక ఇంకో రెండు లారీలు ఆగి హారన్లు మొదలుపెట్టాయి. వెంకన్న కాసేపు ఆ సరస్సుని చూసి, కూర్చుని, సుధాకర్ ఫోటో మీద నొక్కి, కూతురి పుట్టినరోజు కొట్టాడు.

పన్నెండున్నరకే వచ్చేశాడు సుధాకర్, ఇస్త్రీ చొక్కా వేసుకుని. తెర వంక చూశాడు. తన ఫోటో కింద చిన్న చక్రం ఇంకొకటి ఉంది, ఫోటో లేకుండా, వెంకన్న అని. అతనికి మొత్తం అర్థమైపోయింది.

"నన్నడగొచ్చు కదా బాబాయ్" అన్నాడు.

"ఏమని అడగనురా? నా పేరు నాకిమ్మనా?"

సుధాకర్ బయటికెళ్ళి టెక్నీషియన్‌కి ఫోన్ చేశాడు, రెండుసార్లు బతిమాలాడు. ప్రోగ్రాంని రెండో అకౌంట్లోకి ఎక్కించాలంటే తనే స్వయంగా రావాలని, రేపు మధ్యాహ్నం వస్తానని అతను చెప్పాడట. రేపెందుకులే అన్నాడు వెంకన్న. వాడు బతిమాలడం కూడా అతనికి గిట్టలేదు. తనకోసం వాడు బతిమాలితే రావలసినదేదీ అతనికి అక్కర్లేదు.

ఒంటిగంటకి రాజుగారు శాలువా, పళ్ళు పట్టుకుని కారు దిగారు. మనసున్న మనిషే. శాలువా కప్పి, ఒకప్పుడు వెంకన్న సంతకమంటే నోటుతో సమానమని, కంప్యూటర్ వచ్చాక ఆ బరువంతా సుధాకర్ ఎత్తుకున్నాడని, ఇంక హాయిగా విశ్రాంతి తీసుకోమని అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాడు వెంకన్న. చువ్వ తలుపు వెనక ఉంటుందని, పొద్దున్నే సందులో రాళ్ళు తీయాలని, కొత్తగా వచ్చేవాడికి చెప్పమని అన్నాడు. ఏం చువ్వ అని రాజుగారు అడిగారు.

కారు వెళ్ళిపోయాక సుధాకర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "బాబాయ్, ఒక్కసారి కాటా ఎక్కండి" అన్నాడు.

ఎందుకని అడగబోయి, ఎందుకులెమ్మని వెళ్ళి ప్లేటు మధ్యలో నిలబడ్డాడు వెంకన్న. శాలువా భుజం మీదే ఉంది. యాభై టన్నులు మోసే ఇనుము కాళ్ళ కింద వేడిగా ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఊడ్చాడు, కడిగాడు, దాని మీద నడిచాడు కానీ తూకానికి నిలబడలేదు. నంబరు ప్లేటు లేని ట్రాక్టర్లు వస్తే బండి నంబరు దగ్గర యజమాని పేరు కొడుతుంటారు. సుధాకర్ అక్కడే ఏదో కొట్టాడు. ప్రింటర్ గీపెట్టింది.

వెంకన్న గదిలోకొచ్చి, చీటీ అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. వాహనం : వెంకన్న. బరువు : 60 కిలోలు. ఆపరేటర్ : సుధాకర్.

"పేరు పడింది కదా బాబాయ్" అన్నాడు సుధాకర్. నవ్వుదామని చూశాడు, కుదర్లేదు. కళ్ళు తడయ్యాయి.

వాడి మనసు మంచిదని వెంకన్నకి తెలుసు. అయినా ఆ నిమిషంలో కూడా లోపల అదే మంట. చివరికి తనని తూచింది కూడా వీడే.

"ఇది లోడు బరువా, ఖాళీ బరువా?" అని అడిగాడు.

ఇంతలో మేత వ్యాను ప్లేటు మీదకి అడ్డంగా ఎక్కింది. దాన్ని వెనక్కి తీయించడానికి సుధాకర్ బయటికి పరిగెత్తాడు. వెంకన్న కాసేపు బల్ల దగ్గర నిలబడ్డాడు. జేబులో పెన్ను తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. శాలువా మడిచి సైకిల్ క్యారేజీకి పెట్టి, వంతెన వైపు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. వ్యాను సర్ది సుధాకర్ తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

సాయంత్రం ఆఫీసు కాపీలు లెక్క చూసుకుందామని అట్టకి క్లిప్పు పెట్టిన పొద్దుటి డ్యూటీ చీటీల కట్ట తీశాడు సుధాకర్. అన్నింటికంటే పైన వెంకన్న చీటీ ఉంది. తీసుకెళ్ళలేదు. దాని మీద సుధాకర్ అన్న పేరుకి అడ్డంగా ఒకే ఒక్క గీత ఉంది, పక్కన గుండ్రటి తెలుగు అక్షరాల్లో వెంకన్న సంతకం. అడుగున అచ్చులో, దిద్దుబాట్లున్న చీటీ చెల్లదు.

సుధాకర్ దాన్ని జాగ్రత్తగా క్లిప్పులోంచి లాగాడు. కింద ఒక కొబ్బరి లోడు చీటీ ఉంది, దాని కింద ధాన్యం చీటీ, దాని కింద ఇంకొకటి. కార్బన్లున్న రోజుల్లోలాగే అదిమి రాశాడేమో, ఆ మూడింటి మీదా, ఆపరేటర్ : సుధాకర్ అన్నచోట, సిరా లేకుండా ఆ సంతకం దిగి ఉంది.