నడిమధ్యలో ఆగిన జడకోపు

యాభై ఏడో సంవత్సరం క్రిస్మస్ నాడు గురజాలకు నాలుగు మైళ్ల దూరంలోని ఒక పల్లెలో, చర్చి వాకిట్లో, సగం అల్లిన జడ ఒకటి అలాగే వేలాడుతూ మిగిలిపోయింది. ఆడవాళ్ల జడ కాదు, కోలాటం జడ.

రెండు తాటిమొద్దులు పాతి పైన అడ్డదూలం వేస్తారు. దూలం నడుమ కొక్కేనికి ఎనిమిది రంగుతాళ్లు కడతారు. ఎనిమిదిమంది మగవాళ్లు ఎడమచేత తాడు కొస, కుడిచేత కోల పట్టుకుని నలుగురు ఇటూ నలుగురు అటూ తిరుగుతూ, ఒకరి చెయ్యి కిందినుంచి ఒకరు దూరుతూ ఆడతారు. ఆడేకొద్దీ పైనుంచి కిందికి జడ దిగుతుంది. ఆ అడుగులే వెనక్కి వేస్తే విడిపోతుంది. దాన్ని జడకోపు అంటారు. ఏ దళం అల్లింది ఆ దళమే విప్పాలి. కత్తి పెట్టి కోస్తే ఆ దళం ఇక చచ్చినట్టే లెక్క. కోలలు పొయ్యిలో పెట్టుకోవటమే.

ఆ దళానికి గురువు దానయ్య. నడుమ నిలబడి తాళాలు వాయిస్తూ అడుగు చెప్పటం అతని పని. అతను గొంతెత్తితే కృష్ణకు అవతల నల్గొండ జిల్లాలో పడుకున్న ఎడ్లు లేచి నిలబడేవని చెప్పుకునేవాళ్లు. రెండు ఎడ్లే లేచేవని కొందరు తగ్గించి చెబుతారు. వాళ్లు దానయ్య అంటే గిట్టనివాళ్లు.

ఆ పూట జడ సగం దిగాక నెహెమ్యా ఒక అడుగు వెనకబడ్డాడు. మరుసటి చుట్టులోనూ అంతే. నెహెమ్యా దానయ్యకు మేనత్త కొడుకు, మీసాలు రాకముందునుంచీ ఆ ఎర్రతాడు అతనిదే. దానయ్య ఠక్కున తాళం ఆపాడు.

"ఒరేయ్ నెహెమ్యా! అవి కాళ్లా, పాతిన గుంజలా? కొత్త పెళ్లికూతురు గూడా ఇంతకన్నా బిరబిరా నడుస్తదిరా!"

జనం ఘొల్లున నవ్వారు. నెహెమ్యా మాటకు మాట అనేవాడే. ఆ పూట మాత్రం తాడు వదిలేసి, కోల చంకన పెట్టుకుని, తిన్నగా ఇంటికి పోయాడు.

జడ విడిపోకుండా దానయ్య కింద ఒక ముడి వేశాడు. సాయంత్రానికల్లా వస్తాడులే అనుకున్నాడు. రాలేదు.

నరసరావుపేట వైపునుంచి కొత్తగా వచ్చిన పాస్టరయ్యగారు మర్నాడు ఆ జడ చూసి, "ఏంటి దానయ్యా, ఆరాధనకొచ్చే ప్రతివాడి నెత్తికీ ఇది తగులుతోంది. కోసెయ్యరాదూ?" అన్నారు.

"కోయగూడదండయ్యగారూ. కొత్త సంవత్సరంనాటికి విప్పిస్తా."

"ఎవరిచేత?"

 దానయ్య, మనిషి సిద్ధంగా ఉన్నట్టు, తలూపాడు.

ఆ సాయంత్రమే తాళాలు ఒక కుర్రాడి చేతిలో పెట్టి, ఎర్రతాడు తనే పట్టుకున్నాడు. ఎనిమిదిమంది అడుగులూ అతనికి కంఠస్థం. నిద్రలో లేపి అడిగినా ఎవడు ఎవడి చెయ్యి కింద దూరాలో చెబుతాడు. అయితే చెప్పటమే గానీ తాడు పట్టి ఆడి ఇరవై ఏళ్లయింది. నాలుగడుగులు బాగానే వెనక్కి వేశాడు. అయిదో అడుక్కి తాడు మెడకు పడింది. ఆరో అడుక్కి పచ్చతాడు ఆడే పిచ్చియ్యా అతనూ వీపులు ఆనించి ఒకే కట్టలో బిగుసుకుపోయారు. విడదీసేసరికి వంటలకు వేళయింది.

"మామా, నోటికొచ్చిందల్లా కాలికి రాదే!" అన్నాడు పక్కతాడు ఆడే మేనల్లుడు పున్నయ్య.

ఇంకెప్పుడైనా అయితే వాడి వీపు విమానం మోత మోగేది. దానయ్య మెడ తడుముకుంటూ జడ వంక చూశాడు. అదివరకున్న అల్లికకు ఇప్పుడు మరో రెండు చిక్కులు తోడయ్యాయి. పోతే పోయేది తాళ్లు కావు, దళం. తన తాత చేతినుంచి వచ్చిన దళం తన నోటి దురుసుతో పోతుంది. 

మూడోనాడు నెహెమ్యా ఇంటికి పోయాడు. వాకిట్లో అతని భార్య ఎలిజబెత్ వడ్లు దంచుతోంది. దానయ్యను చూసి రోకలి ఆపలేదు.

"చెల్లెమ్మా, ఉన్నాడా?"

"ఉన్నాడు. గుంజలు పాతుకోని కూచున్నాడు."

"ఏదో ఊపులో అన్నా..."

"ఊపులో అన్నావు, సరే. ఆ కాలొంక ఒక్కసారన్నా చూశావా అన్నా?"

అప్పుడు రోకలి ఆపి చెప్పింది. నెహెమ్యా నాపరాయి గనిలో రాళ్లు మోస్తాడు. నలుగురు కలిసి ఒక రాయి మోస్తారు. పాట పాడుతూ నలుగురూ ఒక్కసారే అడుగు వెయ్యాలి. కార్తీకంలో ఒకనాడు మేస్త్రీ, పాటతో పొద్దుపోతోంది, నోరు మూసుకుని మొయ్యండని కసిరాడు. పాట పోయింది, అడుగు తప్పింది. రాయి జారి నెహెమ్యా కుడికాలి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి.

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే తాడు ఇంకొకరికిస్తావని. గనిలో ఆయన్ని ఏరా అంటారు, పొలంలో ఏరా అంటారు. ఆ తాడు పట్టుకున్న గంటసేపే ఊరంతా నోరు తెరుచుకోని చూసేది. నెలన్నర గుడ్డ చుట్టుకోని, పెరట్లో నాకు కూడా తెలీదనుకోని ఆడి చూసుకున్నాడు."

దానయ్య అరుగు అంచున కూచున్నాడు. ఎలిజబెత్ మళ్లీ దంచటం మొదలుపెట్టింది. రోకలి ఈ చేతినుంచి ఆ చేతికి మారుతుంటే ఆమె పాదం దానంతట అదే ముందుకీ వెనక్కీ కదులుతోంది. దానయ్య ఆ పాదాన్నే చూస్తున్నాడు. నాట్లు వేసే ఆడవాళ్ల వరస, గోడమట్టి తొక్కేవాళ్ల కాళ్లు, శవప్పెట్టె మోసేవాళ్ల నడక, అన్నిట్లోనూ అడుగులు కలవాల్సిందే. పండగనాడు తాము ఆడేది వాటిల్లోంచి వచ్చిన కాస్త ముక్క. కలవటమంటే అందరూ ఒకడి నడకకు రావటమని అతను ఊరూరా నేర్పాడు. ఆ ఒకడు ఎవడన్నది ఎన్నడూ ఆలోచించలేదు. తాళం తన చేతిలో ఉంది గనక తనేననుకున్నాడు.

లోపలికి పోయాడు. నెహెమ్యా మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఏందిరా, మూడు రోజులనించీ పండగేనా నీకు?"

"నీకు కావల్సింది కాలు బావా. అది లేదు. పో."

"కాలెవడిక్కావాలి! నన్నూ పిచ్చియ్యనూ కలిపి కట్టేసింది ఆ జడ. నేను వేసిన చిక్కులు నాకే విప్పటం రావటంలా."

నెహెమ్యా ఇటు తిరిగాడు. "నువ్వు ఆడావా?"

"ఆడా."

"తాడు మెడకు పడిందా?"

"పడిందిరా."

నెహెమ్యా నవ్వు ఆపుకోవాలని చానా చూశాడు. భుజాలు కదిలిపోయాయి. నవ్వటం అయ్యాక అన్నాడు: "నీ తాళానికి నేను రాలేను బావా. ఉన్నమాట చెబుతున్నా."

"నువ్వు రావద్దు. నేనొస్తా."

ఆ సాయంత్రం ఎనిమిదిమందీ దూలం కింద నిలబడ్డారు. దానయ్య తాళాలు తీసుకున్నాడు గానీ మొదలుపెట్టలేదు. నెహెమ్యా కుడికాలు ఎత్తి, ఆనించి, బరువు మోపేదాకా చూశాడు. అప్పుడు వాయించాడు. ఎడమకాలికి గబుక్కున ఒక దెబ్బ, కుడికాలికి సాగదీసి ఒక దెబ్బ, నడుమ ఊపిరి పీల్చుకునేంత ఖాళీ. మిగతా ఏడుగురికీ కాళ్లు ఆ ఖాళీలో ఏం చెయ్యాలో తెలియక గాలిలో ఉండిపోయాయి. పిచ్చియ్య తూలి పడబోయాడు.

"ఇదేం నడక మామా, తాగినోడి నడకలాగా!" అన్నాడు పున్నయ్య.

"నోరు మూసుకోని ఆ కాలు చూసి ఆడు," అన్నాడు దానయ్య.

చిక్కుల దగ్గరికి వచ్చేసరికి నెహెమ్యా ఆగాడు. నోటితో ఏమీ చెప్పలేకపోయాడు. కళ్లు మూసుకుని తాడు కాస్త వదులు చేసి, వంగి, పున్నయ్య చెయ్యి కింద దూరి ఇవతలికి వచ్చాడు. చిక్కు జారిపోయింది. ఎట్లా తెలిసిందిరా అంటే, "ఏమో, కాలు ఎటు పోతే నేనూ అటు పోయా" అన్నాడు. అయితే పది చుట్లకే చెమటలు పట్టాయి. కాలి గుడ్డ మీద ఎర్రగా మరక తేలింది.

"చాలు. మిగతాది రేపు," అన్నాడు దానయ్య.

జడ విప్పటానికి వాయిదా వెయ్యటం పల్నాడులో అంతకుముందు ఎవరూ ఎరగరు. మర్నాడు పక్క పల్లెలనుంచి జనం వచ్చారు. మూడోనాటికి క్రోసూరునుంచి రెండు బళ్లొచ్చాయనీ, అచ్చంపేటనుంచి ఒకాయన మంచం కూడా తెచ్చుకున్నాడనీ చెబుతారు. బళ్ల సంగతి నిజమే. వచ్చినవాళ్లు మొదట కుంటినడకని గుసగుసలాడుకున్నారు. కాసేపటికి వాళ్ల తలకాయలే ఆ ఖాళీ దగ్గర ఆగి, మళ్లీ ఊగాయి.

పాస్టరయ్యగారు మెట్లమీదనుంచి అడిగారు: "ఈ పూటకన్నా అవుతుందా దానయ్యా?"

"నాకేం తెలుసునండీ? నెహెమ్యా కాలికి తెలుసు."

పొద్దు వాలేవేళకు ఆఖరి మెలిక విడింది. ఎనిమిది తాళ్లూ దూలంనుంచి దేని దారిన అది వేలాడాయి. ఎనిమిదిమందీ రొప్పుతూ కొసలు పట్టుకుని నిలబడ్డారు. జనం అరుస్తున్నారు. దానయ్య కళ్లు ఇంకా ఆ పాదం మీదే ఉన్నాయి. ఒకటి గబుక్కున, ఒకటి సాగదీసి, తాళం వాయిస్తూనే ఉన్నాడు.

"బావా," అన్నాడు నెహెమ్యా, "ఆపవయ్యా. ఇంక విప్పటానికేం లేదు."