పొయ్యి దగ్గర హోగ్లా నీడ

ఆ కొండ ఊళ్లో పదిళ్లకు ఒకటే రొట్టెల పొయ్యి. పొద్దున్నే పదిమంది ఆడవాళ్లు పిండి తట్టలతో చుట్టూ చేరేవాళ్లు. హోగ్లాను ఊరవతలికి పంపేశాక తొమ్మిదిమందే వస్తున్నారు. పదో చోట ఆమె నీడ కూర్చుంటోంది.

మనిషి వెళ్లింది, నీడ వెళ్లలేదు, అంతే. నీడకు మచ్చలుండవు, అంటుకునే భయమూ లేదు. "కాస్త జరగవే తల్లీ!" అని దాన్ని ముద్దుగా కసురుకునేవాళ్లు కూడా.

ఎదురు గుట్ట మీద గుహలో ఉండే హోగ్లాకు ఇదంతా కనిపిస్తూనే ఉండేది. ఆమె మోచేతి మీద తెల్లమచ్చ లేచిన సంగతి, కుష్ఠో కాదో తేల్చే గుడి యాజకుడు ఎల్యాషీబుకు మోసింది ఇంకెవరో కాదు, సొంత ఆడపడుచు తిర్సాయే. ధర్మశాస్త్రం ప్రకారం రెండేళ్లుగా చిరిగిన బట్ట, విరబోసిన జుట్టు, మూతికి గుడ్డ. ఎవరైనా దగ్గరికొస్తే "అపవిత్రురాలిని, అపవిత్రురాలిని" అని అరవాలి. ఊళ్లో సగంమంది పిల్లలు పుట్టగానే పడ్డది ఆమె చేతుల్లోనే. ఆ తల్లులే ఇప్పుడు గుహ కింది బండ మీద రొట్టె పెట్టి, తలెత్తకుండా పోతారు. మచ్చ ఎన్నడూ నొప్పి పెట్టలేదు గానీ, ఇది పెట్టింది.

వానలు వెనకబట్టాక మచ్చ మాయమైంది. అయితే ఏం లాభం? యాజకుడు ఊరు దాటి వచ్చి, చూసి, "శుద్ధురాలివి" అనాలి. అప్పటిదాకా ఊళ్లో అడుగు పెట్టకూడదు.

"తిర్సా! నాకు బాగైపోయిందే! ఆయన్ని ఒక్కసారి రమ్మనవే!" అని రొట్టె తెచ్చిన ఆడపడుచును చూసి అరిచింది.

"మొన్నే చెప్పాను వదినా, తీరిక లేదంటున్నారు," కింద నుంచే అంది తిర్సా. "అయినా నువ్వు లేనట్టే లేదు మాకు. రోజూ నీ పక్కనే కూర్చుంటున్నాంగా!"

హోగ్లాకు ఒళ్లు మండిపోయింది. "అది నీడే! నేనిక్కడ చస్తున్నాను!"

తిర్సా అప్పటికే దిగిపోయింది.

మర్నాడు పొయ్యి రాజేసే వేళకు హోగ్లా మూతి గుడ్డ తీసి పారేసింది. వేళ్లతో చిక్కులు తీసుకుని కొప్పు చుట్టుకుంది. కింద పొయ్యి దగ్గర నీడ కూడా చేతులెత్తి కొప్పు చుట్టుకుంది.

"అమ్మో అమ్మో! యాజకుడు ఔననకుండానే కొప్పు పెట్టిందే!" అని పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లు గగ్గోలు పెట్టారు.

మనిషి కోసం కదలని కాళ్లు నీడ కొప్పు కోసం యాజకుడి ఇంటికి పరుగులు పెట్టాయి. ఎల్యాషీబు కర్ర పుచ్చుకుని, రొప్పుతూ గుట్టెక్కాడు.

"ఎవరిచ్చారే నీకింత ధైర్యం?"

"ముందు చూడండి అయ్యా, తర్వాత తిడుదురు గాని," అని హోగ్లా చేతులు చాపింది.

చూశాడు. తిప్పి చూశాడు. మచ్చ ఉన్న చోట రోగం గుర్తుగా ఒక్క తెల్లవెంట్రుకైనా దొరుకుతుందేమోనని వెతికాడు, దొరకలేదు. కోపం తగ్గలేదు గానీ, కంటితో చూశాక ధర్మశాస్త్రం నోరు కట్టేస్తుంది.

"శుద్ధురాలివి," అని గొణిగాడు.

రెండు పిట్టలతో జరగాల్సిన శుద్ధి తంతు జరిగింది. ఆ తంతు ప్రకారమే ఆమె తల గొరిగించుకుంది. ఎనిమిదో రోజున పిండి తట్టతో పొయ్యి దగ్గరికొచ్చింది. బోడితల నీడ లేచి, వచ్చి ఆమె కాళ్ల కింద చేరింది.

తిర్సా భోరుమంది. "తప్పయిందని రోజూ నీ నీడకు చెప్పుకున్నాను వదినా."

"గుట్ట ఎంత దూరమే? నాకు చెప్పాల్సింది."

హోగ్లా తట్ట కింద పెట్టింది.

"జరుగు," అంది.

తిర్సా జరిగింది. నీడకు సరిపోయిన చోటు మనిషికి చాలలేదు. మిగతా ఎనిమిదిమందీ కూడా జరగాల్సి వచ్చింది.